లెక్కలో లేని ఏడు

ప్లమ్ ఫోర్క్, నెబ్రాస్కా
అక్టోబరు 22, మంగళవారం

నాన్నా కర్టిస్,

అమ్మ దీవెనలు. మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వూ ఆ మోంటానా చలిలో ఒళ్లు కాపాడుకుంటున్నావనే అనుకుంటున్నాను. మీ నాన్న మోకాలి గురించి అడిగావు. నొప్పి తగ్గింది గానీ డాక్టరు మాట వినడం ఆయన ఇంకా మొదలుపెట్టలేదు. మొక్కజొన్న తడిగానే ఉంది, కోత సగమే అయింది.

ఇక నీ రెండో ప్రశ్న. "మన బడి ఫుట్‌బాల్ జట్టు నాలుగో ప్రయత్నంలో కూడా బంతి తన్నడం లేదట, నిజమేనా?" అని రాశావు. ఇరవై మూడేళ్లలో నువ్వు ఆట ఊసెత్తడం ఇదే మొదటిసారి. ఎందుకు అడిగావా అని ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎవరైనా నీకేమైనా చెప్పారా?

నిజమే. ఆగస్టులో నోలన్ ప్రీబ్ అని కొత్త లెక్కల మాస్టారు వచ్చాడు. సన్నగా, ఎప్పుడూ తల వంచుకుని నడిచే మనిషి. ముప్పై ఒక్క ఏళ్లుగా మైదానం పైగదిలో కూర్చుని, ఏ ప్రయత్నంలో ఎన్ని గజాలు వచ్చాయో నేను రాసిన ఆట పుస్తకాలన్నీ కావాలన్నాడు. ఎందుకంటే "లెక్క చూద్దామని" అన్నాడు. నాకు నచ్చలేదు. పుస్తకాలు వదిలి రాబుద్ధి కాక కోచ్ కుబాట్ గదిలో నేనూ కూర్చున్నాను.

"నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. నాలుగోసారి కూడా ఆ గజాలు రాకపోతే బంతి అక్కడికక్కడే అవతలివాళ్లదైపోతుంది. అందుకే దూరంగా తన్నేస్తాం. మా కోచ్ నేర్పిందదే, ఆయన కోచ్ నేర్పిందీ అదే" అన్నాడు కుబాట్.

"తన్నినా బంతి వాళ్లకే కదండీ, కాకపోతే ముప్పై అయిదు గజాల అవతల" అన్నాడు ప్రీబ్. "అర్లీన్ గారి పుస్తకాల ప్రకారం, నాలుగోసారి రెండు గజాలే కావలసినప్పుడు మన జట్టు తన్నకుండా, బంతి పట్టుకుని ఉరకడానికి అరవై ఒక్కసార్లు తెగించింది. నలభై మూడుసార్లు దక్కింది. అంటే నూటికి డెబ్బై. మన నలభై గజాల గీత దగ్గర నూటికి అరవై అయిదు దాటితే చాలు, తన్నడం కంటే తెగించడమే లాభం."

ఎక్కడ తన్నాలో, ఎక్కడ తెగించాలో ఒక అట్టముక్క మీద రాసిచ్చాడు. కుబాట్ దాన్ని జేబులో పెట్టుకుని వరసగా నాలుగు ఆటలు గెలిచాడు. అప్పటిదాకా గొణిగిన ఊరు నోరు మూసుకుంది.

పదకొండో తారీకున స్టోన్ క్రీక్ వాళ్లతో ఆట. మూడు పాయింట్లు ముందున్నాం. రెండు నిమిషాలే మిగిలాయి. సరిగ్గా మన నలభై గీత మీద నాలుగో ప్రయత్నం, కావలసింది రెండు గజాలు. కుబాట్ అట్ట చూశాడు, తెగించమన్నాడు. అర గజం తక్కువైంది. అయిదు ఎత్తుల్లో స్టోన్ క్రీక్ వాళ్లు మన చివరి గీత దాటేశారు. ఓడిపోయాం.

ఆ ఆదివారం చర్చి కింద గదిలో కాఫీ దగ్గర అందరి నోటా ప్రీబ్ పేరే. "వాడు ఎవరి మనిషో ఎవరు చూడొచ్చారు?" అంది కాఫీ పోస్తున్న జోలీన్. "వాళ్లమ్మది స్టోన్ క్రీకేనట" అన్నాను నేను. ఎవరూ నాతో అలా అనలేదు నాన్నా. అతని మీద నాకున్న అనుమానం ఆ మాటగా నోట్లోంచి ఊడిపడింది. సాయంత్రానికి అది ఊరంతా పాకింది. స్కూలు బోర్డు అతన్ని సంజాయిషీ అడిగింది.

బుధవారం అతను మనింటికి వచ్చాడు. చంకలో 1996 పుస్తకం. అది చూసి తలుపు సగమే తెరిచాను.

"ఇందులో ఏడుచోట్ల బంతి ఉన్నట్టుండి అవతలివాళ్ల చేతికి పోతోందండీ. తన్నినట్టు లేదు, తెగించినట్టూ లేదు. నేనే కంప్యూటర్లోకి ఎక్కించుకోవడంలో వరసలు వదిలేశానేమో. మీకేమైనా గుర్తుందా?"

నన్ను పట్టుకోవడానికి వచ్చాడనుకున్నాను. అతను అనుమానిస్తున్నది తననే.

"వదిలేసే ఉంటావు బాబూ" అన్నాను.

జామ్ పెట్టి కాల్చిన కొలాచీ బన్నులు కూడా పెట్టాను. రెండు తిని, థాంక్స్ చెప్పి, పుస్తకం నా దగ్గరే ఉంచి వెళ్లాడు.

ఇక్కడిదాకా వచ్చాను కాబట్టి చెప్పేస్తాను. ఆ ఏడు ప్రయత్నాలూ నీవి. నాలుగోసారి నువ్వు బంతి పట్టుకుని, ఆ రెండు గజాలు అందక పడిపోయినవి. జిల్లా పేపరు వాడు ప్రతి శనివారం అంకెలు నా దగ్గరే తీసుకునేవాడు, నువ్వు అది చదివి తిండి మానేసేవాడివి. ఆటల సీజను అయ్యాక పుస్తకం మొత్తం తిరగరాశాను. ఆ ఏడింటినీ అందులో రాయలేదు. ఎవరికి నష్టం అనుకున్నాను.

నిన్న బోర్డు సమావేశంలో ప్రీబ్ లేచి, "తప్పు నాదే, వరసలు వదిలేశాను" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"అతను ఏమీ వదల్లేదు. ఆ ఏడూ తీసేసింది నేను. అవి మా అబ్బాయి ఆడినవి. వాళ్లమ్మది స్టోన్ క్రీక్ అన్నదీ నేనే, అదీ అబద్ధమే."

మీ నాన్న టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ప్రీబ్ కాగితం వెనక పెన్సిలుతో ఏదో గీసుకుని, "అరవై ఎనిమిదికి నలభై మూడు. నూటికి అరవై మూడే, అరవై అయిదు దాటలేదు. అక్కడ తన్నాల్సింది" అన్నాడు.

"చూశారా! ఈ లెక్కలు నమ్మొద్దని నేను మొత్తుకుంటూనే ఉన్నా" అంది జోలీన్.

"లెక్క బాగానే ఉంది జోలీన్, మనం పోసిన గింజలే పుచ్చినవి" అన్నాడు కుబాట్.

ప్రీబ్ ఉద్యోగం నిలిచింది. పైగది తాళంచెవి నేనే బల్ల మీద పెట్టేసి వచ్చాను. బయటికి వస్తుంటే అతను నా కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. గురువారం ఇది పేపర్లో వస్తుంది, నీ పేరుతో సహా. ఆ పేపరు నీదాకా వచ్చేలోపు నేనే చెప్పాలని ఈ ఉత్తరం.

నాకు ఇంకో అనుమానం ఉంది. ఇల్లు వదిలి వెళ్లే ముందు రోజు నువ్వు ఆ పుస్తకం తిరగేస్తూ కనిపించావు. నన్ను చూసి మూసేశావు. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఆట మాట ఎత్తలేదు. నీకు అప్పుడే తెలిసిపోయిందా? నీ ఓటములు చూసి అమ్మ సిగ్గుపడిందనుకున్నావా?

ఈ ఉదయం ఆ పుస్తకంలో ఆ ఏడింటినీ సిరాతో రాశాను. ఒక్కటీ మర్చిపోలేదు. ఏడోదానిలో నువ్వు బురదలోంచి లేచి, అన్నిటికంటే ముందు పైగది వైపు చూశావు. నేను చూశాను నాన్నా. ఏడుసార్లూ చూశాను. రాయలేకపోయాను, అంతే.

కోపమొచ్చినా సరే, జవాబు రాయి.

ఇట్లు,
మీ అమ్మ
అర్లీన్