నూట ఇరవై ఒకటో ఫారం

ప్రియమైన ఉడతకి,

మీ హాస్టల్లో ఫోన్లన్నీ వార్డెన్ గారి బీరువాలోకి వెళ్లిపోయాయట కదా, నాన్న చెప్పాడు. సరే, ఉత్తరాలే రాసుకుందాం. నా దస్తూరీ చదవగలిగితే రేపు ఏ డాక్టరు చీటీ అయినా నీకో లెక్క కాదు.

నా పని సంగతి విను. మీలాంటి వైద్య విద్యార్థుల మీద ఇరవై ఏళ్లలో వచ్చిన పరిశోధనలన్నీ పోగేసి, ఏ ఏడు దేని మీద ఎన్ని వచ్చాయో తేల్చి వ్యాసం రాయమన్నారు మా పెద్దసారు. నాలుగు వేల వ్యాసాలు! మొదట్లో అందరూ పాఠాలు ఎలా చెప్పాలో రాశారు. తర్వాత పరీక్షల భయం, ఆ తర్వాత నిద్ర, ఇప్పుడు ఎటు చూసినా ఒత్తిడే. కాబట్టి పోయినసారి ఇంటికొచ్చినప్పుడు ఏడ్చావే, దానికేం బెంగపడకు. నూటికి అరవై మందికి ఉండేదే.

ఒక సాయం చెయ్యాలి. మన సొంత లెక్కలు కూడా కొన్ని కలపమన్నారు. మీ క్లాసు నూట ఇరవై మందికీ ఫారాలు పంపుతున్నాను, చిరిగితే పనికొస్తాయని ఇంకో అయిదు. పేర్లు రాయక్కర్లేదు. ఈ వ్యాసం అచ్చయితేనే నా ఉద్యోగం పర్మనెంటవుతుంది తల్లీ.

నీ అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకి,

ఫారాలు అందాయి. మాకివి కొత్తేం కాదు, ఈ ఏడాదిలో ఇది పద్నాలుగో కట్ట. ప్రమోషన్ కావలసిన ప్రతి సారూ ఒకటి పట్టుకొస్తారు. ఆఖరి క్లాసయ్యాక హాలు తలుపుకి గడియ పెట్టి, నింపినవాళ్లనే బయటికి వదులుతారు. నీ ఫారాలకీ అంతే. ఈసారి గడియ దగ్గర కాపలా నన్ను పెట్టారు.

నా గదికి కిటికీ ఉంది. తెరిస్తే పక్క భవనం గోడ, చెయ్యి చాపితే తగులుతుంది. పొద్దున లేవగానే దానికే గుడ్‌మార్నింగ్ చెబుతున్నా. అది తిరిగి చెప్పదు, మా మేడమ్‌లాగే. నాన్న ప్రతి ఉత్తరం ‘మా డాక్టరమ్మకి’ అని మొదలుపెడుతున్నాడు. నేను బాగానే ఉన్నాను.

కట్ట పంపుతున్నా. అన్నీ నువ్వే చదువుతావు కదా? ఇంకెవరికీ ఇవ్వకు.

నీ ఉడత


ప్రియమైన ఉడతకి,

కట్ట చేరింది. నీ నోట్లో చక్కెర పొయ్య! మీ క్లాసు నాలుగు వేల వ్యాసాలకీ ఎదురు నిలిచింది. అందరికీ నిద్ర పడుతోందట, చదువు నచ్చిందట. ‘ఇదే మన కొత్త విషయం’ అని పెద్దసారు ఒకటే సంబరం.

ఒక్కటే చిక్కు. నూట ఇరవై మందికి నూట ఇరవై ఒక్క ఫారాలొచ్చాయి. ఏది తీసెయ్యాలా అని వెతకక్కర్లేకుండా అదే దొరికింది, కట్ట మధ్యలో. నిద్ర లేదు, ఆకలి లేదు. ‘ఇక్కణ్ణుంచి బయటపడే దారే లేదనిపిస్తుందా?’ అన్న తొమ్మిదో ప్రశ్నకి ‘రోజూ’ అని, కాగితం చిరిగేలా ఒత్తి టిక్కు పెట్టారు. ఆ టిక్కులు కూడా తిరగబడి ఎడమవైపుకి వాలాయి! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఎవరో ఆకతాయి పని. మడిచి, ఊగుతున్న నా బల్ల కాలి కింద పెట్టాను. దానికైనా పనికొచ్చింది.

నీ అన్నయ్య


ప్రియమైన ఉడతకి,

మూడు వారాలైంది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. పరీక్షలా? వ్యాసం సగం అయింది. నాన్న కూడా అడుగుతున్నాడు. రెండు ముక్కలైనా రాయి.

నీ అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకి,

ఇక రాయకూడదనే అనుకున్నాను.

ఆ నూట ఇరవై ఫారాలూ అబద్ధం. పేర్లు లేకపోయినా రోల్ నంబర్ల వరసలో తీసుకుంటారు. మొదటి ఏడాది ఒకమ్మాయి నిజం రాసింది. మర్నాడు ఇంటికి ఫోన్ వెళ్లింది. వాళ్ల నాన్న వచ్చి అందరి ముందూ చెడామడా తిట్టిపోశాడు. అప్పట్నుంచి అందరం మంచి జవాబులే పెడుతున్నాం. నేనూ ఒకటి అలాగే నింపి ఇచ్చాను.

తర్వాత గదికొచ్చి, మిగిలిన అయిదింట్లో ఒకటి తీసి నిజం నింపాను. దాన్ని కట్ట మధ్యలో పెట్టాను. నీ ముందు ఏడిస్తే నూటికి అరవై మందికి ఉండేదేనన్నావు. ఉత్తరంలో రాసినా అదే అంటావు. ఫారమైతే ఒక్కొక్కటీ చదువుతావు, తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగుతావు అనుకున్నాను. ఎడమచేతి టిక్కు మనింట్లో నాది కాక ఇంకెవరిది?

ఆ ఉలిపికట్టెను నేనే అన్నయ్యా. ఆకతాయిని కాదు. ఇక్కడ ఉండలేను, ఆ మాట నాన్నకి చెప్పలేను. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. నేను నీకు రాసిన నిజమైన ఉత్తరం అదొక్కటే, దాన్ని నువ్వు బల్ల కింద పెట్టావు.

ఉడత


ప్రియమైన ఉడతకి,

ఈ ఉత్తరం కన్నా ముందు నేనే నీ దగ్గరుంటాను. పొద్దున మొదటి బస్సుకి బయల్దేరుతున్నాను. అయినా ఆ ఫారానికి జవాబు బాకీ ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

బల్ల ఎత్తి దాన్ని తీశాను. మడతలు ఎంత సాపు చేసినా పోవడం లేదు. బల్ల మళ్లీ ఊగుతోంది, ఊగనీ. చిన్నప్పుడు నీ ఎడమచెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించినవాణ్ణి, ఆ టిక్కు గుర్తుపట్టలేకపోయాను. సిగ్గుగా ఉంది.

మిగతా నూట ఇరవై పనికిరావని పెద్దసారుకి చెప్పేశాను. ‘అయితే నీ పర్మనెంటు సంగతి తర్వాత చూద్దాం’ అన్నారు. చూసుకోనీ.

నాన్నకి నీ ఉత్తరం చదివి వినిపించాను. మొత్తం విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏడాది ఆగడమా, పూర్తిగా మానడమా అని నేనేదో మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు. ‘అదంతా తర్వాత. ముందు పిల్లని ఇంటికి తీసుకురా’ అన్నాడు.

డాక్టరమ్మని అనలేదే ఉడతా. పిల్లని అన్నాడు.

నీ అన్నయ్య