పదంకెలు లెక్కపెట్టేదాకా

అమ్మకు,

నీ చిన్నకూతురు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, నీ అల్లుడూ, ఆయన కిటికీలో పెంచుకుంటున్న తొమ్మిది మొక్కలూ, నా వైర్ల కట్టలూ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, అక్కా, బావా, నీ కుట్టు క్లాసుకు వచ్చేవాళ్లూ బాగున్నారని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. ఆ రోజే జవాబు రాద్దామని కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఇవాళ శుక్రవారం. ఊరికే అన్నావా నన్ను కుదురులేనిదానివని!

ముందు నీ మొదటి ప్రశ్న. "ఉత్తరాలు అచ్చులో పంపుతున్నావేం, నీ చేతిరాతకి ఏమొచ్చింది?" అని అడిగావు. బాగుందమ్మా! మూడేళ్లుగా నీ ఉత్తరాలన్నీ అక్క చేత రాయిస్తూ, నా చేతిరాత ఏదని నన్ను నిలదీస్తున్నావా? నీకు కళ్లు ఆనడం లేదని ఒక సాకు ఉన్నప్పుడు, నాకు పని ఎక్కువైందని ఒక సాకు ఉండకూడదా? ల్యాప్‌టాప్ ఎలాగూ ఎప్పుడూ ఒళ్లోనే ఉంటుంది. అందులోనే కొట్టేసి, నీ అల్లుడి స్కూల్లో అచ్చు తీయిస్తున్నాను. ప్రస్తుతానికి ఇలాగే చదువుకో.

రెండో ప్రశ్న, వేళకి తింటున్నానా అని. తింటున్నాను. నమ్మకపోతే నీ అల్లుణ్ణి అడుగు, నేను వండిన రోజు ఆయన తినడు గానీ నేను తింటాను.

మూడోది చదివి చాలాసేపు నవ్వాను. మీ చిన్నమ్మాయి ఏం వాయిస్తుందని పక్కింటావిడ అడిగితే ఏం చెప్పాలో తోచక వయొలిన్ అనేశావా? ఆవిడ రేపు నన్ను వాయించమంటే ఎవరిది పూచీ? మళ్లీ వివరంగా రాస్తాను, ఈసారి ఆవిడకి చదివి వినిపించు. నా గ్లౌజులో ఒక్కో వేలి మీదా ఒక సన్నని పట్టీ ఉంటుంది. పైజమాకి నాడా దూర్చడానికి మడిచి కుట్టినట్టు వేలి పొడవునా నువ్వే కుట్టిచ్చావు కదా, దాంట్లోనే దూర్చాను. వేలు వంచితే పట్టీ వంగుతుంది. ఎంత వంగిందో ల్యాప్‌టాప్‌కి తెలుస్తుంది, దాన్నిబట్టి స్పీకర్లలో శబ్దం మారుతుంది. చెయ్యి పైకెత్తితే స్వరం పైకి పోతుంది, మణికట్టు తిప్పితే పలచబడుతుంది, పిడికిలి మూస్తే ఆగిపోతుంది. పక్కనే బిస్కెట్ల డబ్బాతో చేసిన ఇంకో వాయిద్యం ఉంటుంది. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, పైన చెయ్యి ఎంత ఎత్తున ఉందో చూసి మోగుతుంది. గాల్లో చేతులు తిప్పితే పాట వస్తుందని చెప్పు, నమ్మితే నమ్మింది. నీ అల్లుడైతే నా సాధన చూసి "దోమలు ఎక్కువైనట్టున్నాయి, కిటికీ మూసెయ్యనా?" అంటాడు.

దీనికో నియమం ఉంది. నేను పెట్టుకున్నదే. గ్లౌజు తొడిగిన ప్రతిసారీ చెయ్యి ముందుకు చాచి, పదంకెలు లెక్కపెట్టేదాకా కదలకుండా ఉంచాలి. ఆ చేతికి అదే విశ్రాంతి అని ల్యాప్‌టాప్ గుర్తుపెట్టుకుంటుంది. అక్కడి నుంచి ఎంత కదిలితే అంత సంగీతం. పది దాకా నిలిస్తే పచ్చదీపం, మధ్యలో కదిలితే ఎర్రదీపం, మళ్లీ ఒకటి నుంచి లెక్క. ఇదంతా నాలుగు నెలల కింద నువ్వు వచ్చినప్పుడు చూసిందే. అయినా రాస్తున్నాను.

ఇక నాలుగో ప్రశ్న. "ఆ రోజు పనిచెయ్యని గ్లౌజు బాగైందా?" అన్నావు. ఆ సంగతి చివర రాస్తాను.

ఇప్పుడే లేచి టీ పెట్టుకొచ్చాను. సగం గ్లాసే పోసుకున్నాను.

అసలు కబురు ఇది. కిందటి శనివారం సాయంత్రం నా మొదటి సొంత కచేరీ జరిగింది. పాత లైబ్రరీ హాలు, మడత కుర్చీలు, డెబ్బై మంది దాకా జనం. అక్కడ సౌండు చూసే పెద్దాయన్ని అందరూ మైకు మామ అంటారు. ఆయన నా బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, "ఇన్ని వైర్లేంటి తల్లీ? ఒకటి ఊడితే ఏది ఊడిందో నీకైనా తెలుస్తుందా?" అన్నాడు.

"తెలీదు మామా. అందుకే ఏదీ ఊడకూడదు."

"నా సర్వీసులో ఈ మాట అన్నవాళ్లందరివీ ఊడాయి" అని, నవ్వుకుంటూ పోయి ఒక టేపు చుట్ట తెచ్చిచ్చాడు.

మొదట్లో చిన్న చిక్కు వచ్చింది గానీ సర్దుకుంది. పాట నీ కుట్టు మిషను చప్పుడుతో మొదలవుతుంది. నువ్వు ఇక్కడ గ్లౌజు కుడుతున్నప్పుడు చాటుగా రికార్డు చేశానులే, తిట్టకు. కుడిచెయ్యి ఎత్తేకొద్దీ ఆ చప్పుడు నెమ్మదిస్తుంది, ఒక్కో కుట్టూ విడివిడిగా వినిపిస్తుంది, ఆ సందుల్లోంచి పాట బయటికి వస్తుంది. నలభై నిమిషాలు ఎలా గడిచాయో తెలీదు. ముందు వరసలో ఒకాయన మొదట చేతులు కట్టుకుని కూర్చున్నాడు, సగానికి వచ్చేసరికి తన వేళ్లు తనకు తెలియకుండానే ఆడిస్తున్నాడు. చివర్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నువ్వు ఉంటే బాగుండేదని మనసు పీకింది.

అయిపోయాక ఒకావిడ వచ్చింది. పెద్ద నాటకశాలలో కార్యక్రమాల ఏర్పాట్లు చూసుకునేది ఆవిడే. రెండు నెలల తర్వాత తమ హాల్లో గంటసేపు వాయించమని అడిగింది. ఆరేళ్లుగా ఏ మాట కోసం ఎదురుచూశానో ఆ మాట. నేనేమన్నానో తెలుసా? "ఆలోచించి చెబుతానండి." నీ అల్లుడు పక్కనుంచి నా మోచెయ్యి పొడిచాడు. ఇప్పటికి ఆరు రోజులైంది, ఆవిడ రెండుసార్లు ఫోను చేసింది, నేను ఎత్తలేదు.

మళ్లీ లేచాను. గది ఈ మూల నుంచి ఆ మూలకి పద్నాలుగు అడుగులు. కింది వాటా ఆవిడ కర్రతో పైకప్పు పొడిచింది. ఇక నడవడానికీ లేదు కాబట్టి కూర్చుని రాయాలి.

ఆ గ్లౌజులో ఏ లోపమూ లేదమ్మా. ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను.

నీకు గుర్తుండే ఉంటుంది. కొలత తీసుకోవడానికి చెయ్యి ఇవ్వమంటే నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. "నువ్వు కుదురుగా కూర్చుంటే కదా కొలిచేది. నా చెయ్యి కొలతే వేస్తాలే, మనిద్దరిదీ ఒకటే చెయ్యి" అని, కాగితం మీద నీ చెయ్యి పెట్టి గీసుకున్నావు. కుట్టడం అయ్యాక నువ్వే ముందు తొడుక్కోవాలని నేనే సరదాపడ్డాను. చెయ్యి చాచావు. నాలుగు దాకా లెక్కపెట్టేసరికి ఎర్రదీపం. మళ్లీ ఎర్రదీపం. అయిదుసార్లు. "కదపకమ్మా" అన్నాను. "కదపట్లేదే" అన్నావు. ఆరోసారికి నాకు విసుగొచ్చింది. "పదంకెలు కూడా కదలకుండా ఉండలేవా?" అన్నాను.

ఒళ్లో ఉన్న గుడ్డముక్క కింద చెయ్యి పెట్టుకున్నావు. నేను చటుక్కున ల్యాప్‌టాప్‌లో పట్టు సడలించాను, ఎంత వణుకున్నా విశ్రాంతిగానే ఒప్పుకునేటట్టు. అప్పటిదాకా నీ చెయ్యి కదిలిన తీరుతో సహా ఆ కొలత 'అమ్మ' అనే పేరుతో దాచాను. పచ్చదీపం వెలిగింది. అప్పటికే నువ్వు గ్లౌజు తీసేసి, "నాకెందుకులే ఇవన్నీ" అని లేచిపోయావు. "గ్లౌజులో ఏదో తేడా ఉందమ్మా, బాగుచేస్తాను" అన్నాను. వణుకు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. నిన్ను నొప్పించకూడదని కాదు, నా విసుగు కప్పిపుచ్చుకోవడానికి. ఆ సంగతి నాలుగు నెలలుగా నన్ను తింటోంది.

ఇప్పుడు శనివారం నాటి చిన్న చిక్కు. వేదిక మీద గ్లౌజు తొడుక్కుని చెయ్యి చాచాను. మూడు లెక్కపెట్టానో లేదో ఎర్రదీపం. మళ్లీ ఎర్రదీపం. జనం చూస్తున్నారు. భయం వల్లనుకున్నాను, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. నాలుగోసారీ ఎర్రదీపమే. మైకు మామ దగ్గరికొచ్చి "ఏమైంది తల్లీ, ఊడిందా?" అని గుసగుసగా అడిగాడు. ఏ వైరూ ఊడలేదు. వేరే దారి లేక 'అమ్మ' అని దాచిన కొలత తెరిచాను. పచ్చదీపం వెంటనే వెలిగింది. ఆ నలభై నిమిషాలూ నీ కొలతతోనే వాయించాను.

మర్నాడు ఇంట్లో ఏ భయమూ లేకుండా, ఎవరూ చూడకుండా, అద్దం ముందు నిలబడి చెయ్యి చాచాను. ఎర్రదీపమే. నీ చేతి కదలికనీ నా చేతి కదలికనీ గీతలుగా తీసి పక్కపక్కన పెట్టాను. నీది సెకనుకి ఆరుసార్లు. నాదీ సెకనుకి ఆరుసార్లు. నాది ఇంకా చిన్నది, అంతే. అప్పుడు అన్నీ గుర్తొచ్చాయి. టీ సగం గ్లాసే పోసుకోవడం, సన్నని వైర్లు అతికించడానికి మునుపటికన్నా రెట్టింపు సేపు పట్టడం, పెన్ను పట్టుకుంటే అక్షరం తిన్నగా రాకపోవడం. అందుకేనమ్మా అచ్చు ఉత్తరాలు. పనీ కాదు, ఏమీ కాదు.

బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఈ వణుకు ప్రాణం మీదికి వచ్చేది కాదట. ఇళ్లలో తల్లి నుంచి బిడ్డకి వస్తూ ఉంటుందట. మెల్లగా పెరగొచ్చు, పెరగకపోనూవచ్చు, మాత్రలు ఉన్నాయి, కొందరికి బాగా పనిచేస్తాయి. "మీ అమ్మగారు ఎవరికైనా చూపించుకుంటున్నారా?" అని అడిగింది. లేదని చెప్పడానికి సిగ్గేసింది. నీ అల్లుడికి నిన్ననే చెప్పాను. "గ్లాసు సగమే నింపుతున్నావని రెండు నెలలుగా చూస్తున్నాను, నువ్వే చెబుతావని ఆగాను" అన్నాడు. ఆ మాటకి ఏడుపొచ్చింది.

భయంగా ఉందమ్మా. నాకున్నదల్లా ఈ చేతులే. ఉన్నమాట చెప్పాలంటే, ఆ రెండు గీతలూ చూసిన రోజు నీ మీద కోపం కూడా వచ్చింది, ఇంకేమీ దొరకనట్టు ఇది ఇచ్చావా నాకని. ఆ కోపంతోనే గ్లౌజు విసిరికొట్టబోయి, దాని కుట్లు చూశాను. అయిదు వేళ్లకీ పది వరసలు. ఎక్కడా ఒక్క కుట్టు పక్కకి పోలేదు. ఎర్రదీపం వెలిగించిన చేత్తోనే కదా నువ్వు అవి వేసింది! నువ్వు సూదిలో దారం ఎక్కించడం ఆ రోజు చూశాను గానీ పట్టించుకోలేదు. ఇప్పుడు గుర్తుచేసుకుంటున్నాను. మోచెయ్యి మోకాలికి ఆనించావు. వణుకుని ఆపడానికి ప్రయత్నించలేదు. దారం కొస ఊగుతూ ఊగుతూ సూది కన్ను ముందుకి వచ్చేదాకా ఆగి, అప్పుడు తోశావు. అంతేనా? ఇంకా ఏమైనా చేశావా? నాకు నేర్పు.

ల్యాప్‌టాప్ నియమం మార్చేశాను. ఇక పదంకెలు కదలకుండా ఉండమని ఎవరినీ అడగదు. పదంకెల సేపు చెయ్యి ఎలా ఉంటే అలాగే చూసి, అదే దాని విశ్రాంతి అనుకుంటుంది. నువ్వొకసారి ఇక్కడికి రావాలి. ఇద్దరం కలిసి ఆ డాక్టరు దగ్గరికి వెళదాం. మాట కాదనకు.

ఇక్కడి నుంచి అచ్చు కాదు, నా చేతిరాతే. అచ్చు తీసి తెచ్చిన కాగితం అడుగున రాస్తున్నాను. మోచెయ్యి బల్లకి ఆనించి, కలం కాస్త అటూ ఇటూ పోతే పోనిస్తున్నాను. ఈ నాలుగు మాటలకే పావుగంట పట్టింది, కానీ ఒక్కసారి కూడా లేవలేదు.

కళ్లు ఆనక అక్క చేత రాయిస్తున్నానంటావు. కిందటి నా ఉత్తరంలో రెండో పేజీలో ఒక దీర్ఘం పోయిందని పట్టుకున్నది ఆ కళ్లే కదమ్మా! ఈసారి జవాబు అక్క చేత వద్దు. నీ చేత్తో రాయి. ఒక్క లైను చాలు, ఎంత వంకరగా ఉన్నా నేను చదువుకుంటాను. అది అందిన రోజే ఆ నాటకశాల ఆవిడకి ఫోను చేసి, వస్తానని చెబుతాను.

ఇట్లు,
నీ చేతి కొలతే వచ్చిన
నీ కుదురులేనిది