కర్రి నోటి ముక్క

ఆదివారం, అందరూ పడుకున్నాక

పొద్దున బేస్తవారిపేట నుంచి ఆడబిడ్డా, వాళ్లాయనా వచ్చినారు. మాంసం కడిగి పెరట్లో పెట్టి, అల్లం కోసం లోపలికి పోయి వచ్చేసరికి మా కుక్క కర్రి ఒక ముక్కను నోట కరుచుకొని ఉంది. రోట్లో ఉన్న పచ్చడి బండ తీసి విసిరినాను. వెనక కాలికి తగిలింది. అది అరిచిన అరుపుకు ముక్క కింద పడింది. కర్రి కుంటుకుంటా పోయింది. నేను ఆ ముక్కను కడిగి కూరలోనే వేసినాను. ఎవరికీ చెప్పలేదు.

అన్నాల దగ్గర ఆడబిడ్డ మొగుడు, బళ్లో సైన్సు చెప్తాడు కదా, మాట ఎత్తినాడు. "మాంసం జంతువులూ తింటాయి, మనమూ తింటాం. తేడా ఏందంటే మన చేతిలో పనిముట్టు ఉంటుంది."

"కాకి కూడా పుల్లతో పురుగును లాగుతుందంట కదా" అనింది ఆడబిడ్డ.

"అయితే తేడా ఏమీ లేదులే" అని అందరూ నవ్వినారు. నేనూ నవ్వుతా వడ్డించినాను. నా కంచంలో మాత్రం కూర వేసుకోలేదు.

వాళ్లు పోయినాక గడ్డివామి వెనక చూస్తే కర్రి పడుకొని ఉంది. కాలు వాచిపోయింది. పిల్లలు పాలు తాగుతున్నాయి. ఈనిందని తెలిసి కూడా దానికి కడుపు నిండా పెట్టింది లేదు నేను. మిగిలిన కూర అన్నంలో కలిపి గిన్నె తీసుకొని పోయినాను. దగ్గరికి వంగేసరికి కర్రి కళ్లు మూసుకొని తల నేలకు ఆనించింది. మళ్లీ కొడతాననుకునింది. అయినా పిల్లల్ని వదిలి లేవలేదు.

గిన్నె అక్కడే పెట్టి వచ్చేసినాను. తినిందో లేదో పోయి చూడాలంటే మొహం చెల్లడం లేదు.