మా వడ్రంగుల వీధికి దయచేసిన గొడుగుల పరిశ్రమ

ప్రాంతీయ ఆర్థికాభివృద్ధి అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విధానపత్రంలో మా వీధిని గొడుగుల తయారీ కేంద్రంగా గుర్తించినందుకు కృతజ్ఞతలు, సదరు గుర్తింపును వెంటనే రద్దు చేయమని మనవి.

నేను తలుపులు, కిటికీలు చేసుకుని బతికే వడ్రంగిని. మా తమ్ముడూ నేనూ ఇరవై రెండేళ్లుగా ఒకే కొట్టులో పనిచేస్తున్నాము. విన్నవించుకొనునది ఏమనగా:

1. తమ సర్వే బృందం మా వీధికి విచ్చేసిన రోజు జోరున వాన. మా కొట్టు వసారాలోనే తలదాచుకున్నారు. అక్కడ ఆరబెట్టిన గొడుగులు పదకొండని రాసుకున్నారు. అందులో నాలుగు వారివే. ముప్పావుగంట మేము చేసిన బల్ల మీదే కూర్చున్నారు గానీ, ఆ బల్ల ఎవరు చేశారని అడగలేదు. అడిగితే సర్వే నిష్పాక్షికత దెబ్బతింటుంది కాబోలు.

2. "ప్రతి ప్రాంతం తన సహజ బలం మీదే ఎదగాలి" అన్నది తమ విధానంలో మొదటి సూత్రమట. బంగారంలాంటి మాట. దాని ప్రకారం మా వీధిలో ముప్పైమందికి గొడుగులు కుట్టడం నేర్పించారు. ఇప్పుడు కుట్టేవాళ్లు ఇంటికొకరున్నారు, కొనేవాళ్లే లేరు.

3. కలప కోసే మిషను కోసం త్రీ-ఫేజ్ కరెంటు అడిగితే, "ప్రాధాన్య పరిశ్రమ కాదు" అని మూడుసార్లు తిప్పి పంపారు. తమ గుమాస్తా గారు మాత్రం ధర్మాత్ములు, ఉపాయం చెప్పారు.

"గొడుగుల యూనిట్ అని రాసెయ్యండి, వారంలో లైను వేస్తారు."

"నేను చేసేది తలుపులండీ."

"గొడుక్కి కర్ర పిడి ఉంటుందిగా? మీరు ఆ పిడి దగ్గరే ఆగిపోయారనుకోండి!"

రాయడానికి చెయ్యి రాలేదు. నేను ఆ అబద్ధం రాస్తే తమ సర్వే నిజమైపోతుంది.

4. మిషను లేదు కనుక కోత అంతా చేత్తోనే. పెద్ద రంపానికి ఈ చివర నేను, ఆ చివర తమ్ముడు. వాడికి భుజం పట్టేసింది. ఎక్కడో మిషన్లున్న ఫ్యాక్టరీలో పని చూసుకున్నాడు, సోమవారం బస్సు. వాడు వెళ్తే నేను కొట్టు మూసుకోవాల్సిందే. దీన్ని తమ పత్రంలో "శ్రామిక చలనశీలత" అన్నారు. మా ఇంట్లో ఇంకా పేరేమీ పెట్టలేదు. మా ఆవిడ రెండు రోజులుగా వాడి బట్టలు పెట్టెలో సర్దుతోంది, మళ్లీ బయటికి తీస్తోంది, అంతే.

కావున తమ సూత్రాలకు మరో రెండు చేర్చ ప్రార్థన. ఒకటి, సర్వేలు ఎండ కాసే రోజున జరపవలెను. రెండు, వానలోనే జరపక తప్పనిచో, వసారా ఇచ్చినవాళ్లను ఒక్క ప్రశ్నయినా అడగవలెను.

పై సంగతులు చిత్తగించి, సోమవారంలోగా కరెంటు లైను మంజూరు చేయించవలెను.

తమ విధేయుడు,
వడ్రంగి
(తమ రికార్డు ప్రకారం గొడుగుల తయారీదారు)

తా.క.: సోమవారంలోగా ఫైలు కదలదని నాకూ తెలుసు. లైను సంగతి వదిలెయ్యండి. మా తమ్ముడు ఊరు విడిచి వెళ్లరాదని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి, ముద్ర వేసి. "వెళ్లరా, నా గురించి ఆలోచించకు" అని వాడితో పెద్దరికంగా నేనే అన్నాను. ఇప్పుడు ఉండమని అడగడానికి నోరు రావడం లేదు.