అడ్రసులో అతికించిన ఇంటిపేరు

4 జూలై 2005

ఈ డైరీ తెరిచావు కదా, నీ సంగతి నాకు తెలుసు. కొత్త మనిషి కనబడితే ముందు ఇంటిపేరు అడుగుతావు. తర్వాత ఊరు. కులం మాత్రం అడగనే లేదని ఒట్టు పెడతావు. దొంగవి నువ్వు.

ఇవాళ రాజమండ్రి ఆఫీసులో మా కులాంతర వివాహ వేదిక వెబ్‌సైట్ తెరిచాను. ప్రతి పేరు పక్కనా కులం! దరఖాస్తులో కులం గడే ఉండకూడదని కమిటీతో గొంతు చించుకుని కొట్లాడినవాణ్ణి నేను. ఎవరూ రాయని కులం తెరమీదికి ఎలా ఎక్కింది?

తిట్టుకుంటూనే చివరి పేరు దాకా చదివాను. అదీ రాస్తున్నాను.

5 జూలై, ఉదయం 11

సైటు చేసిన శ్రీకాంత్‌ని పిలిపించాను. దానవాయిపేటలో నెట్ సెంటర్ అతనిది. ఎవడైనా హ్యాక్ చేశాడా అన్నాను. హ్యాకింగ్ కాదండి మాస్టారూ, ఫీచరండి అన్నాడు. ఫీచరట!

మా సభ్యుల జాబితా ఉన్న XML ఫైల్లో పేరు, ఇంటిపేరు, ఊరు, చదువు ఉంటాయి. పేజీలో పేరూ చదువూ మాత్రమే కనబడాలి, మిగతావి లోపలే. కానీ ఆ ఫైలుని పేజీగా మార్చే XSLT ప్రోగ్రాం మధ్యలో, బయటి ఫైలు తెచ్చే document() అని ఒక పిలుపు పెట్టాడు. ఒక్కొక్కరి ఇంటిపేరూ ఊరూ అతికించి అప్పటికప్పుడు ఒక వెబ్ అడ్రసు కడుతుంది. ఆ అడ్రసు నుంచి రెండో XML దిగుతుంది. కులం అందులోది. ఎవరి సైటురా అది అంటే, భీమవరంలో ఒక కులసంఘం వాళ్ల పెళ్లిసంబంధాల సైటట. అన్ని కులాల ఇంటిపేర్లూ కట్టి పెట్టారండి, ఫ్రీగా దొరికిందండి అని మురిసిపోయాడు.

పెట్టమన్నది చంద్రరావు. మా ఉపాధ్యక్షుడు! తనది కులాంతర వివాహమే. ఫోన్‌లో కడిగేశాను. కులాంతరమో కాదో తేలాలంటే ముందు కులం తెలియాలి కదయ్యా, ఎందుకా రంకెలు అన్నాడు. ఠపీమని ఫోన్ పెట్టేశాను. ఛీ.

6 జూలై

ఆ లైను తీయించాను. పీడ వదిలింది.

8 జూలై

వదల్లేదు.

దుర్గాశ్రీని పట్టుకుపోయారు. కొవ్వూరులో టీచరు, హాస్టల్లో ఉంటుంది. నాకు కావలసినవాణ్ణి నేనే చూసుకుంటానని, ఇంట్లో చెప్పకుండా మా సైట్లో చేరింది. రూమ్మేట్ చిట్టెమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. కడియం నుంచి బాబాయిలు కారేసుకుని వచ్చారట. నాన్నకి గుండెనొప్పి అన్నారట. కారు డోరు వేశాక అసలు మాట బయటపడిందట: మా పరువు కంప్యూటర్లో అమ్మకానికి పెట్టావటే అని.

ఎలా తెలిసింది? ఆమె ఇంటిపేరు పేజీలో లేదే!

శ్రీకాంత్‌ని నిలదీశాను. రెండో ఫైలు దానంతటది రాదండి, మనం అడగాలి కదండీ అని నసిగాడు. ఆ అడగడంలోనే ఇంటిపేరూ ఊరూ వెళ్లిపోయాయి. పేజీ తెరిచినప్పుడల్లా, మా వేదిక సర్వర్ నుంచి, ఎవరేమడిగారో రాసుకునే వాళ్ల సర్వర్ లాగ్‌లోకి. ఆ కులసంఘం వాళ్లు అది చూసి కడియం కబురు పెట్టి ఉంటారు. ఆ ఊళ్లో ఆ ఇంటిపేరుతో దుర్గాశ్రీ వాళ్లది ఒక్కటే కొంప. పెళ్లి కావలసిన పిల్ల ఒక్కతే.

వాళ్ల దగ్గర సమాచారం తీసుకుంటున్నాం అనుకున్నాం. మన పిల్లల్ని మనమే చూపించాం. ఇంకెంతమందిని?



9 జూలై

స్టేషన్‌కి వెళ్లాను. తండ్రి ఇంట్లో కూతురుంటే కేసేంటండి మాస్టారూ, టీ తాగుతారా అన్నాడు ఎస్సై. ఇరవయ్యారేళ్ల మనిషిని గదిలో పెడితే దాన్నేమంటారయ్యా అని బల్ల గుద్దాను. పిల్లలున్నారా మీకు అన్నాడు.

సరే, వీధిలోనే తేల్చుకుంటాం. కరపత్రం రాశాను, సాయంత్రానికి కడియం సెంటర్లో పంచించాను కూడా. రేపు జీపు, మైకు, బ్యానరు. దుర్గాశ్రీ వాళ్ల మొక్కల నర్సరీ గేటు ముందే మీటింగు. చంద్రరావు వస్తానన్నాడు. వస్తాడు మరి, మొహం చూపించుకోవాలి కదా.

10 జూలై, ఉదయం 6

దుర్గాశ్రీ ఫోన్. నర్సరీ ఆఫీసు నుంచి, గొంతు తగ్గించి. బతిమాలలేదు. క్షమించమ్మా అనబోతే, అది తర్వాతండి, ముందు రాసుకోండి అంది. చెప్పింది చెప్పినట్టు:

ఒకటి. మీ సైట్లోంచి అందరి ఇంటిపేర్లూ ఊళ్లూ ఇవాళే తీసెయ్యాలి.

రెండు. జీపూ మైకూ మా ఊరు రాకూడదు.

మూడు. మిగిలిన కరపత్రాలు తగలబెట్టాలి.

నాలుగు. హాస్టల్లో ఉన్న నా సర్టిఫికెట్లు చిట్టెమ్మ తీసి దగ్గర పెట్టుకోవాలి.

ఐదు. శుక్రవారం మా నర్సరీకి మొక్కలెత్తే లారీ ఒకటి పంపాలి. రోజూ వచ్చేవే కాబట్టి ఎవరూ తేరిపార చూడరు. డ్రైవరు పక్కన చిట్టెమ్మ ఉండాలి, నేనెక్కేది అందులోనే.

ఆరు. మీరు రాకూడదు.