కొలతల పుస్తకంలో లేని చొక్కా

అమీర్‌పేట,
14 సెప్టెంబర్ 2025, ఆదివారం.

చెల్లె ప్రమోదకు,

అన్న జగదీశ్ ఆశీస్సులు. బావకు నమస్కారాలు చెప్పు. సిరిసిల్లలో మీరంతా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మీ వదిన, రవళి బాగున్నారు. నేనూ బాగున్నానని రాయబోయి ఆగాను. అందరూ రాసే మాటే అయినా ఈసారి చెయ్యి కదల్లేదు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. బాపు ఇప్పుడు మీ ఇంట్లోనే కదా, నీకు ఫోన్ చేస్తే రెండో మాటకే లాక్కుంటాడు. వాట్సాప్‌లో రాద్దామంటే నీ ఫోన్ పొద్దంతా ఆయన చేతిలోనే ఉంటుందని నువ్వే చెప్పావు. అందుకని బతుకమ్మకు నువ్వు పంపిన జాకెట్ బట్టలు కుట్టి, వాటి మడతలో ఈ కాగితాలు పెడుతున్నాను. జాకెట్ల మూట ఆయన విప్పడు. నువ్వు ఒక్కదానివే చదువుకో.

మూడు వారాల నుంచి బాపు ఏడుస్తున్నాడని, పండుగలోపు వచ్చి కాళ్లు మొక్కి తీసుకుపొమ్మని మొన్న అన్నావు. నేను ఊ అని పెట్టేశాను. అది ఒప్పుకున్నట్టు కాదు. నాకు మాట్లాడడం రాదని నీకు తెలుసు. రాస్తే కొంత వస్తుంది.

నువ్వు పెళ్లయి వెళ్లాక షాపులో ఏం జరిగిందో నీకు తెలియదు. బాపు ముప్పై ఏళ్లు కటింగ్ మాస్టర్. అయినా నాకు ఒక్క గీత గీసి చూపలేదు. ఆయన పాత చొక్కాలు కుట్లు విప్పి, బల్ల మీద పరుచుకుని చూసి నేర్చుకున్నాను. షాపు నా పేరు మీదికి వచ్చింది కానీ ఆయన కూర్చునే స్టూలు రాలేదు. పొద్దున పదింటికి వచ్చి కటింగ్ బల్ల పక్కన ఆ స్టూలు మీద కూర్చుంటాడు. గిరాకీ వస్తే చాలు, "వీనికి కత్తెర ఇచ్చిన గని చెయ్యి ఇయ్యలే" అంటాడు. వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అలా పన్నెండేళ్లు నవ్వాను.

పోయిన ఏడాది నుంచి ఆయన చెప్పుల చప్పుడు మెట్ల మీద వినగానే మెడ బిగుసుకుపోయేది. చాక్‌తో ఒకసారి గీసిన గీతనే మళ్లీ గీసేవాణ్ణి. టేపు నాలుగుసార్లు పెట్టినా నమ్మకం కుదిరేది కాదు. ఇంటికొస్తే కూర్చోలేను. గుండీలు తేవాలని మీ వదినకు చెప్పి పంజాగుట్ట చౌరస్తా దాకా నడిచి, ఏమీ కొనకుండా తిరిగి వచ్చేవాణ్ణి. ఏ గుండీలు తెచ్చావని ఆమె ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడే ఫోన్ మోగింది. సిరిసిల్ల నంబరే. నువ్వో ఆయనో తెలియదు. ఎత్తలేదు. లేచి వరండాలో నాలుగుసార్లు తిరిగి వచ్చి మళ్లీ కూర్చున్నాను.

జూన్‌లో ఒక తప్పు చేశాను. మధురానగర్‌లో ఉండే కేదార్ గారని ఒకాయన, గృహప్రవేశానికి వాళ్లమ్మ కొన్న బట్ట తెచ్చి చొక్కా కుట్టమన్నారు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. కొలతలు నేనే తీసి పుస్తకంలో రాశాను. కోసేటప్పుడు పుస్తకం ముందే తెరిచి ఉంది. పక్కన బాపు మాట్లాడుతూనే ఉన్నాడు. పుస్తకంలో ఉన్నది ఒకటి, నేను కోసింది ఇంకొకటి.

కేదార్ గారు వేసుకుని చూశారు. ఛాతి దగ్గర గుండీ పట్టలేదు, చేతులు పొట్టి, ఎడమ భుజం దిగిపోయింది. ఆయన కోప్పడలేదు. అద్దంలో చూసుకుని, "ఏంటి మాస్టారూ, ఇది నాకు కుట్టారా, మా నాన్నకు కుట్టారా?" అన్నారు.

బాపు ఆ చొక్కా లాక్కుని పైకెత్తాడు. షాపంతా వినపడేలా, "ఎవని కొలతరా ఇది? బుజం సూడు, ఒకదిక్కు ఒంగింది. గిది మనిషి కొలతేనా?" అన్నాడు.

ఎవరి కొలతో నాకు అప్పటికే తెలిసిపోయింది. చెప్పలేదు. అలాంటి బట్టే నాలుగు షాపులు తిరిగి వెతికి, కొత్తది కుట్టి కేదార్ గారింటికి తీసుకెళ్లి ఇచ్చాను.

అంతటితో అయిపోతే నేను ఇంకో పన్నెండేళ్లు నవ్వేవాణ్ణేమో. అదే వారం రవళి కాలేజీకి టిఫిన్ కట్టుకుంటూ పప్పు ఒలకబోసింది. నేను తల కూడా ఎత్తకుండా, దేవుడు నీకు చెయ్యి ఇయ్యలేదు అన్నాను. అది గిన్నె కింద పెట్టి, "డాడీ, నువ్వు సుత తాత లెక్కనే మాట్లాడుతున్నవ్" అన్నది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఆ రోజు నుంచి నేను ఇంట్లోకి వస్తే అది లేచి వేరే గదిలోకి పోవడం మొదలుపెట్టింది. నా చెప్పుల చప్పుడు విని.

నేను పంజాగుట్టలో మనసు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అరుణాదేవి గారని. పిచ్చి లేచిందా అని నువ్వు అనవు, బాపు అంటాడు. మా బాపు మారడానికి ఏదైనా ఉందా అని అడిగాను. ఆమె చెప్పిన మాట నీకూ పనికొస్తుందని రాస్తున్నాను. "మీ నాన్నగారిని మార్చే మందు నా దగ్గర లేదండి. ఆయన మాట ఎంతసేపు వినాలో మాత్రం మీరు నిర్ణయించుకోవచ్చు."

రోజూ కొలతలు రాస్తారు కదా, మెడ ఎప్పుడు బిగుస్తుందో అది కూడా రాయమన్నారు. పుస్తకం చివరి పేజీల్లో రాశాను. బాపు జ్వరంతో రాని రోజు ఏడు చొక్కాలు కోశాను. ఒక్క గీత కూడా రెండోసారి గీయలేదు.

దాన్ని చూశాకే ఆయనకు చెప్పాను, ఇంట్లో ఉండు బాపూ, షాపుకు రాకు అని. అంతే అన్నాను. రెండు రోజులు అన్నం ముట్టలేదు. కొడుకు చెయ్యి లేపిండని కులసంఘంలో చెప్పి మీ దగ్గరికి వచ్చాడు. నేను చెయ్యి లేపలేదు చెల్లె. అప్పుడు నా రెండు చేతులూ కటింగ్ బల్ల మీదే ఉన్నాయి.

నువ్వు కాళ్లు మొక్కమన్నావు. మొక్కుతాను, పెద్దాయన. కానీ తప్పు చేశానని మొక్కను. ఆయన ఇంటికి ఎప్పుడైనా రావచ్చు, ఆయన మంచం ఎక్కడిదక్కడే ఉంది. షాపుకు మాత్రం వద్దు. ఫోన్ రోజూ సాయంత్రం ఏడింటికి నేనే చేస్తాను. తిట్టడం మొదలైతే పెట్టేస్తాను, మర్నాడు ఏడింటికి మళ్లీ చేస్తాను. రవళిని కూడా ఆ చెయ్యి ఇయ్యలే మాట అంటే నేను ఊరుకోను. ఇవి పంతానికి పెట్టినవి కావు. ఆయన బతికినన్నాళ్లు ఆయనకు కొడుకుగా ఉండాలంటే నాకు ఇంతకన్నా దారి తోచలేదు.

నువ్వు కూడా రోజుకు ఒక గంట నీ ఫోన్ నీ దగ్గర పెట్టుకో. మొదట అదే కష్టం. తర్వాత అలవాటవుతుంది.

జాకెట్లలో లోపల కొంచెం బట్ట వదిలాను, బిగుతైతే విప్పుకో. ఎక్కువ రాశాను. నేను ఇంత మాట్లాడడం నువ్వు ఎన్నడూ చూసి ఉండవు.

నీ మేలు కోరే అన్న,
జగదీశ్

తా.క. బుధవారం. చెల్లె, జాకెట్లు వేరే పార్శిల్‌లో వస్తాయి. ఈ కాగితాలను మూడు రోజులుగా వాటి మడతలో పెడుతున్నాను, తీస్తున్నాను. నిజం చెప్పాలంటే ఇది నీకు రాసింది కాదు. నీకు రాస్తున్నాననుకుంటే తప్ప నా చేత ఒక్క ముక్క రాయడం కాలేదు. కవరు మీద బాపు పేరే రాశాను. ఆయనే విప్పి, కళ్లద్దాలు కనబడక నిన్నే చదవమంటాడు. గట్టిగా చదువు. ఏదీ దాటేయకు, ఇది కూడా.

బాపూ, ఎవని కొలతరా అని అడిగినవు. ఛాతి ముప్పై ఎనిమిది. చెయ్యి ఇరవై మూడున్నర. ఎడమ బుజం అర ఇంచు కిందికి. నీదే. నువ్వు పక్కన మాట్లాడుతుంటే నా చేతికి ఇంకెవ్వరి కొలతా యాదికి రాలే. చొక్కా పారేయలేదు, ఇస్త్రీ చేసి నీ మంచం మీద పెట్టిన. బతుకమ్మకు వచ్చి ఏసుకో. ఇంటికి రా.