ఇంజిను పక్క గది

కొలంబో.

తంబి కుప్పుసామిని పాపక్క దీవించి రాసేది. ఓడ దిగి అందరమూ క్షేమంగా ఉండాము, అమ్మతో చెప్పు.

మీ బావ చేసిన పని విను. తూత్తుకుడి టికెట్టు ఆఫీసులో, ఓడ మేడమీద కిటికీ గది ఒకటి, అడుగున ఇంజినుకు ఆనుకున్న గది ఒకటి చూపించి ఏది కావాలని అడిగితే, ఈయన ఇంజిను పక్కదే అడిగినారు! మిల్లులో ఇన్నేండ్లు మేస్త్రీగా ఉండి, మెషిను సత్తం చెవిలో మోగకుంటే నిద్ర రాదంట. మరి మాకు? పిల్లలకు సముద్రం చూపిస్తామని పిలుచుకొచ్చి అదిరే ఇనుప గోడ చూపించినాము. చిన్నది రాత్రంతా ఏడ్చింది. ఈయన మాత్రం గుర్రు పెట్టి నిద్ర! తెల్లారి ఊరు చేరి ఇంజిను నిలిచినాక నాకు కన్ను మూతపడింది. అంతలో ఈయన దిగ్గున లేచి, "ఎవడ్రా మెషిను నిలిపింది?" అని అరిచి అందరినీ లేపినారు.

ఎనుము ఈనిందా? జున్నుపాలు మా అత్తకు కొంచెం పంపు. తిరుగు ప్రయాణానికి నువ్వే ఆఫీసుకు రాసి నాకూ పిల్లలకూ మేడమీద గది పట్టు. అమ్మకు నమస్కారం, నీ బిడ్డలకు ముద్దులు.

మీ బావకు గది వద్దు. ఇంజిను పక్కన ఒక సాప వేయమని రాయి.